శుక్రవారానికి మొలిచిన బంతి మొక్కలు

పదమూడేళ్ళ నుంచి ఒక మాట నా లోపల కూర్చునే చోటు దొరక్క తిరుగుతోంది. దానితో పాటు నేనూ తిరుగుతున్నాను. ఈ కాగితం ముందు కూర్చున్నాక కూడా మూడుసార్లు లేచాను. ఒకసారి ఫ్యాను తగ్గించడానికి, ఒకసారి పెంచడానికి. మూడోసారి ఎందుకో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలికగా లేదు.

ముందు నా సంగతి. నేను ఇరిగేషన్ శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను! కాలవ లాకుల దగ్గర లస్కరుని నేను. నీటి తలుపులు ఎత్తడం, దించడం నా పని. "ఇరిగేషన్‌లో చేశానండి" అని అక్కడితో ఆపితే వినేవాళ్ళే నన్ను ఆఫీసరును చేసేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

రిటైరయ్యాక, కడియం పక్కన మా ఊరి చర్చిలో, వేసవి సెలవుల్లో పిల్లలకు అయిదు రోజులు బైబిలు కథలు చెప్పే పని నాకు అప్పగించారు. ఉత్తినే చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. కథను పిల్లల చేత చేయించాలి. నోవహు ఓడను అరటి దొప్పలతో చేయించి పంట బోదెలో వదిలించాను. యెరికో గోడను అగ్గిపెట్టెలతో కట్టించి, కొబ్బరాకు బూరలు ఊదించి కూలగొట్టించాను. ఆ బూరల మోత రాజమండ్రి దాకా వినపడిందని చెబుతుంటాను. నిజానికి పక్కింటి గేదె బెదిరింది. అంతే.

ఆ ఏడాది విత్తనాల కథ తీసుకున్నాను. రైతు చల్లిన గింజల్లో కొన్ని దారిన పడతాయి, కొన్ని రాతినేల మీద, కొన్ని ముళ్ళలో, కొన్ని మంచి నేలలో. సోమవారం ఒక్కొక్కరికీ ఒక కాగితం కప్పు, గుప్పెడు మట్టి, రెండు బంతి గింజలు ఇచ్చాను. రెండు వందల మంది పిల్లలని ఇన్నేళ్ళూ చెప్పాను. ముప్పై ఒక్కరు. శుక్రవారం అమ్మానాన్నలు వచ్చేసరికి మొక్కలు లేస్తాయని మాటిచ్చాను. మంచి మనసున్నవాళ్ళ కప్పులో తప్పకుండా లేస్తుందని కూడా అన్నాను. ఆ రెండో మాట ఎందుకన్నాను? ఎవరైనా అడిగారా? నోరు ఊరుకోలేదు.

గింజలు పాతవి. ఇంట్లో డబ్బాలో ఎన్నాళ్ళుగానో పడి ఉన్నవి. గురువారం మధ్యాహ్నానికి ఒక్క కప్పులోనూ పచ్చదనం లేదు. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ సైకిలు మీద తెలిసిన నర్సరీకి వెళ్ళి, ఒక ట్రే బంతి నారు అడిగి తెచ్చుకున్నాను. చర్చి వరండాలో ఒక్కణ్ణే కూర్చుని ముప్పై కప్పుల్లో ముప్పై మొక్కలు నాటాను. అప్పటికే నాలుగేసి ఆకులున్న నారు.

ముప్పై ఒకటో కప్పు అక్కడ లేదు.

ఆ కప్పు గల పిల్లను సలోమి అందాం. అసలు పేరు అది కాదు. ఎనిమిదేళ్ళది. తల్లి నర్సరీలో కూలిపని చేసేది. మిగతా పిల్లలు కప్పులు వరండాలో వదిలేసి వెళ్తే, ఈ పిల్ల రోజూ భోజనం వేళకే తన కప్పు ఇంటికి తీసుకెళ్ళి, తడి గోనెగుడ్డ కప్పి ఉంచి, పొద్దున్నే మళ్ళీ తెచ్చేది. అందరికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది తనే. అందుకే తన కప్పు నా చేతికి చిక్కలేదు.

శుక్రవారం పాస్టరుగారు కప్పులు చూసి స్తోత్రం చెప్పారు. నేను అద్భుతం అన్నాను. వచ్చిన తల్లిదండ్రుల్లో సగం మంది నర్సరీల్లో నారు పోసేవాళ్ళే. నాలుగు రోజుల్లో నాలుగు ఆకులు రావని వాళ్ళకు తెలియదా? కప్పులోకి చూశారు, నన్ను చూశారు, "బాగుందండి తాతగారూ" అన్నారు. పెద్దవాణ్ణి కదా, పిల్లల ముచ్చట కదా అని ఊరుకున్నారు. ఆ చర్చిలో నేను మోసం చేయగలిగింది పిల్లలను మాత్రమేనని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

సలోమి కప్పులో ఉత్త మట్టి. అదేమిటని ఎవరో అడిగితే, నవ్వించడానికి, "అది రాతినేల" అన్నాను. నవ్వారు. ఆ పేరు పిల్లకు అతుక్కుపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కథలో రాతినేల మీద గింజ మొలవక పోదు. అన్నిటికంటే ముందు మొలిచేది అక్కడే. వేరు దిగక ఎండకు మాడిపోతుంది. ఆ కథ అన్నిసార్లు చెప్పిన నాకు ఇది తెలియదా? తెలిసే తిరగేశాను. మిట్టమధ్యాహ్నం నాటిన నా మొక్కలు, మే నెల ఎండకు, శనివారానికల్లా తలలు వాల్చేశాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక సలోమి వచ్చింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు.

"తాతగారండీ, నాది వచ్చిందండి."

కప్పులో రెండు ఆకులు. గోరంత కూడా లేవు.

"ఇది బంతి కాదమ్మా, గడ్డి."

"గడ్డికి ఒంటాకొస్తుందండి. దీనికి రెండొచ్చాయండి."

"ఓహో, నీకు అంత తెలుసేంటి?"

"మా అమ్మ చూసిందండి. బంతేనంది. మరేమోనండీ, వాళ్ళందరివీ ట్రేలో నారండి. వేళ్ళ దగ్గర కొబ్బరి పొట్టు ఉందండి, నేను చూశాను."

చెప్పులు వేసుకుంటున్న వాళ్ళలో ఒకామె తలెత్తింది. నేను కప్పు అందుకున్నాను. "రాతినేలలో ఇలాంటివే లేస్తాయి" అని, రెండు వేళ్ళతో పీకి మెట్ల కిందికి విసిరేశాను.

పిల్ల ఏడవలేదు. "నా కప్పు నాకిచ్చేయండి" అంది. ఇచ్చాను. మట్టి ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా చర్చికి రాలేదు.

భయపడి పీకానా? చాలా ఏళ్ళు అలాగే అనుకుని నన్ను నేను కొంత వెనకేసుకొచ్చాను, ఎందుకంటే భయపడ్డవాడి మీద ఎవరికైనా కాస్త జాలి కలుగుతుంది. భయం కాదు. కోపం. లస్కరునని తెలిసినవాళ్ళు కూడా నన్ను మొహం మీద కాదనలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల కాదంది. అదీ "అండి" అంటూ, మర్యాదగా.

తరవాత చేసింది ఇంకా హీనం. రోడ్డు మీద పిల్లలు సలోమిని "రాతినేలా" అని పిలవడం నా చెవులతో విన్నాను. వద్దనలేదు. ఏటా వేసవిలో నా అద్భుతం చెబుతూనే వచ్చాను. మొదట ఆకులే. తరవాతి ఏడు మొగ్గలు వేశాయి. ఆ పై ఏడు శుక్రవారానికే పూలు పూశాయి. కథ రక్తి కట్టడానికి నమ్మని పిల్లను కూడా చేర్చాను. నమ్మలేదు కనుక ఆ కప్పు ఒక్కటే ఖాళీగా ఉండిపోయిందని.

ఈ ఏడు కొత్త పాస్టరుగారు వచ్చారు. కుర్రాయన, ఉత్సాహవంతుడు. నా అద్భుతాన్ని వీడియో తీస్తానన్నారు. అంతటితో ఆగితే నేను ఎప్పటిలా చెప్పేసేవాణ్ణేమో.

"ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో తెలిసిందండి తాతగారూ. పిలిపించి, ఇప్పుడైనా నమ్ముతున్నావా అని అందరి ముందూ అడుగుదాం. మంచి సాక్ష్యం అవుతుంది" అన్నారు.

సలోమి కడియంలోనే ఒక నర్సరీలో మొక్కలకు అంట్లు కడుతోంది. ఆయన శనివారం వెళ్ళి పిలుస్తారట. నేను ఆ నర్సరీకి ఇప్పటికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ దూరం నుంచి చూసి, కరివేపాకు మొక్క ఒకటి పట్టుకుని వచ్చేశాను. ఏమని అడగను? క్షమించమని అడగడం కూడా, ఆ పిల్ల ముందు నేను ఆడే ఇంకో నాటకం కాదా?

ఈ పొద్దున పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. "అద్భుతం లేదండి, మొక్కలు నేనే తెచ్చి నాటాను" అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. "మీతో ఇదేనండి తాతగారూ, ఏదైనా నమ్మించేస్తారు!" మళ్ళీ చెప్పాను. ఇంకా నవ్వారు. టీ ఇచ్చి పంపారు. జీవితమంతా అబద్ధాలతో నవ్వించినవాడు నిజం చెప్పినా నవ్వే వస్తుంది. తప్పు ఆయనది కాదు.

అందుకే రాస్తున్నాను. శనివారం లోపల దీని నకలు ఒకటి ఆయన చేతిలోనూ పెడతాను. పేరు పెట్టడం లేదు. మా చర్చిలో ఎవరికీ అనుమానం రాదు, ఎవరు రాశారో. సలోమిని పిలిపించకుండా ఉంటే చాలు. ఆ పిల్ల నన్ను ఏమనుకుంటుందో, దేవుడు ఏమంటాడో, ఆ లెక్క నా చేతిలో లేదు.

ఏమీ పెంచకుండా చెబుతున్నాను. అద్భుతం జరగలేదు. ముప్పై మొక్కలూ నేను తెచ్చినవి. నిజంగా మొలిచింది ఒక్కటే. అది బంతి అని నాకు తెలుసు. తెలిసే పీకాను.