శుభలేఖ అట్ట కొలత

భద్రాచలంలో టీవీలు బాగుచేసే ఒక అన్న ఉండేవాడు. తర్వాత కంప్యూటర్లు కూడా బిగించాడు. కంప్యూటర్‌లో పెట్టే ఏ కార్డైనా కొనకముందే అది లోపలి బోర్డులో పడుతుందో లేదో తేల్చడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పాత శుభలేఖను బోర్డు మీద కార్డు దిగే గాడికి, అంటే స్లాటుకు, గట్టిగా ఒత్తి, ముద్ర పడ్డచోట బ్లేడుతో కోసేవాడు.

నా మొదటి కంప్యూటర్‌లో ఆటలాడాలంటే గ్రాఫిక్స్ కార్డు హైదరాబాద్ నుంచి తేవాలి. దుమ్ముగూడెం నుంచి అంత దూరం వెళ్లే అవకాశం నాకు ఒక్కసారే దొరికింది. తప్పు కార్డు తెస్తే మార్చుకునే దారి లేదు. అందుకే అన్న నా బోర్డుకు ఒత్తి కోసిన శుభలేఖ అట్టను చేతిలో పెట్టాడు.

"ఈ అట్ట పట్టుకపో తమ్మీ. కార్డు అడుగంచు దీంతోని కలిస్తేనే కొను."

"పెండ్లికి పిలుస్తున్నవా అన్నా?"

"ఆ పెండ్లయి మూడేండ్లాయె. నువ్వు జల్దీ బస్సెక్కు."

హైదరాబాద్‌లో షాపాయన తన కార్డు ఏ బోర్డులోనైనా పడుతుందని ఒట్టేశాడు. సిగ్గుపడుతూనే అట్ట తీసి పక్కన పెట్టాను. కార్డు అంచున ఉన్న గాటు, అట్ట మీది కోతకు వేలెడు పక్కకు ఉంది. నాలుగో కార్డుకు కలిసింది. షాపాయన అట్ట మీద పెళ్లికొడుకు పేరు చదివి నాకు శుభాకాంక్షలు చెప్పాడు.

తిరిగొచ్చాక అన్న కార్డును నా కంప్యూటర్ స్లాటులో నొక్కితే టిక్కున కూర్చుంది. నేను కార్ల పందెం ఆట పెట్టి, అందరికన్నా చివర వచ్చాను. అన్న తెర వైపు తిరగనే లేదు. మూత తీసిన కంప్యూటర్ డబ్బాలోకి తొంగి చూస్తున్నాడు.

"అన్నా, ఆట చూడవా?"

"ఆటల ఏముంది, ఎవడో ఒకడు గెలుస్తడు. ఈ ఫ్యాను చూడు, ఎంత ముద్దుగ తిరుగుతుందో!"

ఆట ఆపి, నేనూ వంగి చూశాను. నిజమే, బాగానే తిరుగుతోంది.