పేరు పెట్టి పిలవమన్నారు

పాలు అడుగంటిన వాసన వస్తే నాకిప్పటికీ కుదురుగా కూర్చోబుద్ధి కాదు. లేచి ఇల్లంతా తిరుగుతాను.

నా చిన్నప్పుడు పెంటపాడు రోడ్డులో స్కూటర్ మీంచి పడి నాన్నగారి తలకి పెద్ద దెబ్బ తగిలింది. ఏలూరు ఆసుపత్రి నుంచి గూడెంలో మా ఇంటికి తీసుకొచ్చాక కూడా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఫ్యాను వంక చూస్తూ పడుకునేవారు.

"పేరు పెట్టి పిలుస్తూ ఉండండమ్మా, పలుకుతారు" అన్నారు డాక్టరుగారు.

అమ్మ నోట నాన్నగారి పేరు నేనెప్పుడూ వినలేదు. పోస్టుమాన్ అడిగినా నన్నే చెప్పమనేది. అలాంటిది పొద్దున్నించీ "విశ్వనాథంగారూ! విశ్వనాథంగారూ!" అంటూ మంచం చుట్టూ తిరిగేది. అలా గట్టిగా పేరు పెట్టి పిలిచేది కోపమొచ్చిన మాస్టార్లేనని నా లెక్క. ఆవిడ గొంతు లేచినప్పుడల్లా వీధిలోకి పరిగెత్తేదాన్ని, అక్కడా నిలవలేక వెనక్కొచ్చేదాన్ని.

ఆఖరికి ఏడుస్తూ అమ్మ కొంగు పట్టుకున్నాను.

"నాన్నగార్ని తిట్టకమ్మా. కావాలని పడలేదుగా!"

అమ్మ ఆ కొంగుతోనే నా కళ్లు తుడిచింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద పాలు పెట్టింది. కాసేపటికి, పాత అలవాటు కొద్దీ, అక్కణ్ణించే కేకేసింది.

"ఏవండీ, కాఫీ తాగుతారా?"

"ఊఁ" అన్నారు నాన్నగారు.

అమ్మ పరిగెత్తుకొచ్చి మంచం దగ్గర కూలబడింది. పాల సంగతి ఎవరికీ గుర్తులేదు.

డాక్టరుగారు చెప్పింది నిజమే. మా వైపు అందరూ అందరినీ ఏవండీ అంటారు గానీ, అమ్మ నోట అది నాన్నగారి పేరు.