మా అత్త ఒకటో నంబరు పాట

మా మేనత్తను అందరూ బైండింగక్క అంటారు. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతోంది. మైనం పట్టించిన దారం లాగి ఆమె ముడి వేసిందంటే ఆ కాగితం చిరగాలే గాని కుట్టు ఊడదు. మాట కూడా అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆమెకు పిచ్చి ఒక్కటే. ఎప్పుడో విడిపోయిన ఒక పాత రాక్ బ్యాండు. వాళ్ల పాటల్లో తనకు నచ్చిన పదింటిని అట్టముక్క మీద వరుసగా రాసి, కుట్టుబల్ల ఎదురుగా గోడకు కొట్టింది. రెండు నుంచి పది దాకా ఏటా తారుమారవుతాయి. ఒకటో నంబరు మాత్రం కదలదు. అది రైలు పాట. డ్రమ్ములు రైల్లా పరుగెత్తుతాయని మేం పెట్టుకున్న పేరు.

ఆదివారం మధ్యాహ్నం ఆ బ్యాండు అభిమానులు తొమ్మిది మంది పాత రికార్డుల షాపులో చేరతారు. అత్త ఒక్కతే ఆడమనిషి. వారం మొత్తంలో తనకంటూ ఉంచుకున్నవి ఆ రెండు గంటలే. తోడుకు నేనూ వెళ్తుంటాను.

మొన్నొక ఆదివారం షాపు గోడ మీద రాయించడానికి ఓట్లేసి పది పాటలు ఎంచుతున్నారు. అత్త తన వరుస చదవగానే ఆ తొమ్మిది మందిలో ఒకరైన లెక్కల మాస్టారు అడ్డుపడ్డారు.

"ఆగండక్కా. రైలు పాట పెట్టిన ప్రతిసారీ మూడో చరణానికల్లా టీ అంటూ బయటికి పోతారు మీరు. చివర్లో గిటారు ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం."

"తెలీదు. నేను వినలేదు," అంది అత్త.

ఇంకేముంది, షాపు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. "సగం పాటకి ఓటేంటండీ! సగం విన్నవాళ్లు సగం అభిమానులే. ఈ ఓటు చెల్లదు. అసలు ఇక్కడ మీ కుర్చీ సంగతి కూడా ఆలోచించాలి," అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమనిషట, పెద్దమనిషి! ఆ కుర్చీ పోతే మా అత్తకు ఇంకేం మిగులుతుంది?

అత్త మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది. "పెట్టండి. ఇప్పుడే వింటాను."

షాపాయన రికార్డు పెట్టాడు. మూడో చరణం దాటింది. గిటారు అందుకుంది. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. ఇక అత్త ఓడిపోయినట్టే అనుకున్నాను.

"ఎలా ఉంది?" అన్నారు మాస్టారు.

"బాగుంది. చాలా బాగుంది. కానీ నా ఒకటో నంబరు ఇది కాదు."

అప్పుడు చెప్పింది. నాకూ తెలియని సంగతి. పదహారేళ్ల వయసులో రేడియోలో ఆ పాట వస్తుంటే టేపులో పట్టుకుంటోందట. మా తాతయ్య వచ్చి, "ఆడపిల్లకి ఈ గోలేంటే?" అని రెండూ కట్టేశాడట. మూడో చరణం సగంలో.

"ఆ రోజు ఏడ్చాను. తర్వాత ఏడవలేదు. ఆయన ఆపిన చోటినుంచి మిగతా పాట నేనే కట్టుకున్నాను, కుట్టు కుట్టుకీ ఓ ముక్క. అది చెరిగిపోతుందనే ఇక్కడ చివరిదాకా వినకుండా టీకి లేచిపోయేదాన్ని. వినండి."

కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తూ పాడింది. గొంతు రెండుసార్లు జీరపోయింది. అయినా ఆపలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మాస్టారు మాత్రం వదల్లేదు. "బానే ఉంది గానీ, అది బ్యాండు పాట కాదు కదక్కా."

"మొదటి సగం వాళ్లది. తర్వాతది నాది. ఓటూ నాదే. కొట్టేస్తే కొట్టేసుకోండి. వచ్చే ఆదివారం మాత్రం వస్తాను, ఇదే కుర్చీలో కూర్చుంటాను. ఎవరు లేపుతారో నేనూ చూస్తా!"

షాపాయన ఆమె ఓటు రాసుకున్నాడు. రైలు పాటకు గోడ మీద ఏడో చోటు దక్కింది. ఇంటికొచ్చాక అత్త తన అట్టముక్క వైపు చూసి, "వాళ్ల గోడ వాళ్లది," అంది.

తర్వాతి ఆదివారం ఆ పాట పెట్టారు. అత్త టీకి లేవలేదు. మూడో చరణం సగంలో మాస్టారు లేచి, రికార్డు మీద ముల్లు ఎత్తేశారు. అత్త ముఖం జేవురించింది.

"ఎందుకాపారు?"

"ఇక్కడినుంచి మీది కదక్కా. కానివ్వండి," అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పాడతాను. కానీ ముందే చెప్తున్నా మాస్టారూ, ఈసారి మధ్యలో ఎవరు ఆపినా ఊరుకోను."