గిర్ని అక్కకు చదివి వినిపించిన కాగితం

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు జరిగింది. కింద అంతస్తులో ఉన్న జిమ్ములోనే, నడిచే మిషన్లను గోడవారకు నెట్టి కుర్చీలు వేశారు. ఎవరి కుక్క లిఫ్టులో ఏం చేసిందన్న దాని మీద గంటసేపు చర్చ నడిచింది. కుక్క యజమాని తన కుక్క అలాంటిది కాదన్నాడు; అలాంటిదేనని ఐదో అంతస్తువాళ్ళు ఫోనులో ఫొటో చూపించారు. అందరూ లేచిపోతుండగా, కొత్తగా దిగిన ఇంటి కోడలు ఒకమ్మాయి నా పక్కకొచ్చి, "ఆంటీ, మీరు ఇక్కడ పాతోళ్ళంట గదా. గీ జాగల ఇంతకు ముందు ఏముండె?" అని మర్యాదకు అడిగింది. "ఇండ్లే ఉండె బిడ్డా" అన్నాను. నా కుర్చీ వేసిన చోటే, నాలుగడుగులు అటో ఇటో, పిండిమర ఆడించే గిర్ని అక్క నిలబడేది.

పాత బిల్డింగు మా కొత్తపేటలో, పండ్ల మార్కెట్టు వెనక సందులో ఉండేది. నాలుగంతస్తులు, పన్నెండు ఇళ్ళు, లిఫ్టు లేదు. నల్లగొండ పక్క ఊరి నుంచి వచ్చి మేమక్కడ ఇల్లు కొనుక్కున్నప్పుడు మా ఆయనకు బస్సు డిపోలో ఉద్యోగం, నాకు ప్రైవేటు బడిలో తెలుగు టీచరు పని. ఎండాకాలం వస్తే సందంతా మామిడిపండ్ల వాసన, ఎండుగడ్డి వాసన, లారీల హారన్లు, చెప్పలేనన్ని ఈగలు. మా ఎదురింట్లో గుంటూరు నుంచి వచ్చిన పిన్నిగారు ఉండేది. వయసులో నాకన్నా పదేళ్ళు పెద్ద. మొదటి నెలలోనే నీళ్ళ దగ్గర మాకు మాటా మాటా వచ్చింది. నేను అనాల్సినవన్నీ అనేశాక ఆవిడ బిందె కింద పెట్టి, "తిట్టేటప్పుడు మాత్రం కాస్త నిదానంగా తిట్టమ్మా, నాకు సగం అర్థం కాలేదు" అంది. ఇద్దరం నవ్వేశాం. అప్పటి నుంచి ఆవిడ నాకు పిన్నిగారే అయిపోయింది.

గిర్ని కింద అంతస్తులో, సందులోని రోడ్డు వైపు. ఆ ఇంటి ముందుగదిలోనే అక్క భర్త పిండి గిర్ని పెట్టాడు. అక్కకు ముప్పై దాటాక కంటి నరాలు ఎండిపోవడం మొదలైందట. దవాఖానలో ఇక చేసేదేమీ లేదన్న రోజే ఆయన ఇంటికొచ్చి, ఆమె కళ్ళకు తువ్వాల కట్టి, మిషను నడపడం నేర్పించాడట. బెల్టు మీద చెయ్యి పడకుండా చుట్టూ చెక్కపెట్టె కూడా బిగించాడు. చూపు పూర్తిగా పోయేలోపు పని వచ్చేసింది. తర్వాత నాలుగేళ్ళకు ఆయన పోయాడు. నేను చూసేనాటికి అక్క ఒక్కతే. కనురెప్పల మీద, ముక్కు మీద, చెవి కమ్మల మీద ఎప్పుడూ తెల్లటి పొడి. పడుతున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, మిషనులో పిండి పట్టే రాళ్ళు బిగించాలో వదలాలో పోల్చుకునేది. డబ్బాలో చెయ్యి పెట్టి, "చెల్లె, గీ జొన్నలు మీ ఊరియి కావు, దుకాణంల కొన్నవు" అనేది. మెట్లు దిగే చప్పుడును బట్టి మనిషిని పేరు పెట్టి పిలిచేది. ఒకనాడు నేనింకా రెండో అంతస్తు దాటకముందే కింది నుంచి కేకేసింది: "ఏంది చెల్లె, ఎడమకాలు ఈడ్సుకుంట ఒస్తున్నవ్, యాడ తట్టుకున్నవ్?"

మిరపకాయలు పట్టే రోజు ముందుగా మెట్ల కాడికొచ్చి, తల పైకెత్తి, "మిర్పకాయలు ఏస్తున్న, కిటికీలు బందు చేసుకోండ్రి!" అని హెచ్చరించేది. అయినా పన్నెండు ఇళ్ళూ తుమ్మేవి. మా ఇళ్ళ తాళాలన్నీ ఆమె గోడకున్న మేకులకే వేలాడేవి. బడి నుంచి వచ్చిన పిల్లలు, అమ్మ ఇంకా రాకపోతే, ఆ వెచ్చటి పిండి వాసనలో కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్ళు. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు అన్నీ అక్కకు తెలుసు. ఎవరి గురించీ చెడు చెప్పగా నేను వినలేదు.

తర్వాత పండ్ల మార్కెట్టు ఊరవతలకు వెళ్ళిపోయింది. జొన్నలు పట్టించుకునే హమాలీలు వెళ్ళిపోయారు. అక్క గిరాకీ సగమైంది. అప్పటికే మా బిల్డింగుకు ముసలితనం వచ్చేసింది. పిల్లర్లలోని ఇనుము తుప్పు పట్టి సిమెంటును బయటికి తన్నేది. వాన పడితే పై అంతస్తుల్లో బకెట్లు పెట్టేవాళ్ళం. ఆ ఏడే మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాటా పోయింది. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ఢామ్మని చప్పుడైంది. పరుగెత్తుకొచ్చి చూస్తే, పైకప్పు నుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి, మంచం మీద, ఆయన తలకు జానెడు దూరంలో పడి ఉంది. ఆయన కదల్లేడు, అరవలేడు. కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని పైనున్న ఇనుప చువ్వల వంక చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నాకు ఇంక నిద్ర పట్టిన రోజు లేదు. అమ్ముకుని పోదామంటే ఆ కప్పును కొనేవాడెవడు? కిరాయికి పోదామంటే మా పై అంతస్తు నుంచి ఆయన్ను ఎత్తుకుని దించేదెవరు, దించినా మందులకు పోను మిగిలేదేమిటి?

అలాంటప్పుడు ఒక బిల్డరు వచ్చాడు. పాతది కూలగొట్టి తొమ్మిదంతస్తులు కడతాడు, పాతవాళ్ళకు తలా ఒక కొత్త ఇల్లు ఇస్తాడు, కట్టేదాకా కిరాయి కూడా ఇస్తాడు. పన్నెండు మందీ సంతకం పెట్టాలి. సంఘం సెక్రటరీని నేనే. పదకొండు సంతకాలు వారంలో అయ్యాయి. అక్క మాత్రం పెట్టనంది.

"నాకు కొత్త ఇల్లెందుకు చెల్లె? కొత్త ఇల్లు నాకు కనవడ్తదా? నాకు కనవడేది గీ ఒక్కటే" అని గోడ మీద చెయ్యి వేసి చూపించింది.

డాబా మీద మీటింగు పెట్టాం. ఆమెను పిలవలేదు. పిన్నిగారు, "ఆవిడ మంచిదేనమ్మా, కాదనను. కానీ ఆవిడొక్కతె కోసం మనమంతా ఈ కప్పు కింద పడి చావాలా? మీ ఆయన్ని చూస్తే నాకు గుండె తరుక్కుపోతోంది" అంది. ఎవరూ తీర్మానం చేయలేదు కానీ, మర్నాటి నుంచి ఒక్కొక్కరే గిర్నికి వెళ్ళడం మానేశారు. తాళాలు మేకుల మీది నుంచి ఒక్కొక్కటీ మాయమయ్యాయి. పిల్లల్ని వెళ్ళొద్దన్నారు. నేను కూడా బజార్లో ప్యాకెట్టు పిండి తెచ్చుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమె గుమ్మం ముందు నుంచి వట్టి కాళ్ళతో మెట్లెక్కాను. ఆమెకు వినబడకూడదని. ఆ పని తల్చుకుంటే ఇప్పటికీ నా అరికాళ్ళు చల్లబడతాయి.

రెండు నెలలు ఓర్చుకుందామె. తర్వాత నన్ను పిలిపించి, "గిర్నికి రోడ్డు దిక్కు ఒక రూము ఇస్తమని కాయితంల రాస్తే పెడ్తా. నువ్వు సదివి చెప్పు. నువ్వు సదివితె సాలు" అంది. బిల్డరు మనిషితో మాట్లాడాను. "ఇద్దాం తియ్ మేడం, ఒక్క రూమే గదా. గని పేపర్ల రాస్తే పర్మిషన్ కాడ లొల్లి అయితది. మా నోటిమాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మకపోతే మళ్ళీ ఆ కప్పు కిందికే పోవాలి మరి.

ఆ మధ్యాహ్నం గిర్ని ఆపేసి ఉంది. అక్క చేతులు కడుక్కుని, చీర కొంగు సర్దుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లలా చాప మీద కూర్చుంది. నేను పదకొండు పేజీలు చదివాను. "సదరు", "యావత్తు", "వారసులు" లాంటి మాటలొచ్చినప్పుడల్లా ఆపి అర్థం అడిగింది. అంతా అయ్యాక, "గిర్ని ముచ్చట రానే లేదేంది?" అంది.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. తిప్పి, ఆ కాగితంలో లేని వాక్యాన్ని ఆ కాగితం భాషలోనే చదివాను: "సదరు భవనపు కింది అంతస్తున, రోడ్డు వైపు గల గది యొకటి, పిండి గిర్ని నిమిత్తము, శాశ్వతముగా ఈమెకు ఇవ్వవలయును." ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని. ఒక వాక్యం కట్టడం నాకొక లెక్కా?

"మల్లొకసారి సదువు చెల్లె" అంది.

మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం తేడా రాకుండా చదివాను. మొదటిసారి నోరు జారిందని ఎప్పుడన్నా సర్దిచెప్పుకోవచ్చేమో. రెండోసారి అలా కాదు. ఆమె ముఖం విప్పారింది. "శాశ్వతముగా అని రాసిండ్రు" అని తనలో తనే అనుకుంది. నేనే ఆమె వేలు పట్టుకుని గీత మీద పెట్టాను. చూపున్న రోజుల్లో నేర్చుకున్న అక్షరాలతో, మెల్లగా, కిందికి జారిపోతూ సంతకం చేసింది.

నెలలోపు బిల్డింగు ఖాళీ అయింది. బిల్డరు మనుషులే మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. మేము ఎల్బీనగర్‌లో కిరాయికి దిగాం. అక్కను వాళ్ళ తమ్ముడు నాదర్‌గుల్‌కు తీసుకుపోయాడు. మిషను కూడా పట్టుకుపోయి ఇంటి ముందు రేకుల కింద బిగించాడు. పట్టించుకునేవాళ్ళు లేరు. నెలకొకసారి ఫోను చేసేది. మధ్యలో విమానం చప్పుడుకు మాట మునిగిపోయేది. "గీడ నేర్సుకునే పోరగాండ్లు చిన్న విమానాలు తిప్పుతరు చెల్లె. ఎవరన్న గేటు తీస్తే గూడ ఇనవడదు, నెత్తి మీదనే తిరుగుతయి" అనేది. ప్రతిసారీ చివర్న, "మన రూము మొదలువెట్టిండ్రా?" అని అడిగేది. "పెడ్తరు అక్కా" అనేదాన్ని.

మా ఆయన కొత్త ఇల్లు చూడలేదు. ఆ కిరాయి ఇంట్లోనే, రెండో చలికాలంలో పోయాడు. ఎవరికోసం ఆ వాక్యం చదివానో ఆ మనిషే లేకుండా పోయాడు. వాక్యం మాత్రం మిగిలింది.

గోడలు లేచాక వెళ్ళి చూస్తే రోడ్డు వైపు గదికి అద్దాలు బిగిస్తున్నారు. బిల్డరు ఆఫీసుకు పరుగెత్తాను. పాత మనిషి మానేశాడట. కొత్త మనిషి ప్లాను తిప్పి చూసి, "జిమ్ము అమ్మా అది. గిర్ని అని పేపర్ల ఉంటే చూపియ్యండ్రి, ఇప్పుడే ఆపిస్త" అన్నాడు. నాలుగుసార్లు తిరిగాను. బతిమాలాను, ఒకసారి వాళ్ళ గేటు దగ్గర కూర్చుని ఏడ్చాను కూడా. మా పాతవాళ్ళను కలుపుకుని అడుగుదామనుకుంటే, పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, "పాపమేనమ్మా, కానీ ఇప్పుడిక్కడ గిర్ని పెడితే దుమ్ము కదా. ఎవరొప్పుకుంటారు?" అంది. ఆవిడ అన్నది నిజమే. నాతో ఎవరూ రాలేదు.

తాళాలిచ్చే రోజు అక్క తమ్ముడి ఆటోలో వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తమ్ముడు ఆటో పక్కకు పెట్టి వస్తానని వెళ్ళాడు. నేను చెయ్యి అందించబోతే, "ఒద్దు చెల్లె, నాకు ఎర్కనే" అని గేటు నుంచి ఎడమకు తిరిగి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. చాచిన చెయ్యి అద్దానికి తగిలింది. అరచేయి పూర్తిగా ఆనించి, కిందికీ మీదికీ రాసి చూసింది. లోపల అప్పుడే ఎవరో కొత్త మిషన్లెక్కి, పాటలు పెట్టుకుని పరుగెత్తి చూస్తున్నారు.

"గీ అద్దమేంది? షట్టరు ఏది?"

అప్పుడు చెప్పాను. దాచుకోకుండా, ఆమె అరచేయి ఇంకా అద్దం మీద ఉండగానే చెప్పాను. కాగితంలో గిర్ని లేదని, నేనే కల్పించానని, పెచ్చు పడిందని, ఆయన కళ్ళు అలా అయ్యాయని. నా ఏడుపులో ఏది ముందో ఏది వెనకో నాకే తెలియలేదు. ఆమె అరవలేదు. ఒక్క మాట అడిగింది.

"రెండోపారి సదివినవ్ గద. అప్పుడు గూడ లేకుండెనా?"

"లేకుండె అక్కా."

అద్దం మీది నుంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "సరే మేడం" అంది.

అక్క ఆ ఇంట్లోకి రాలేదు. ఆమె భాగానికొచ్చిన ఇల్లు తమ్ముడు కిరాయికిచ్చాడు. మిషను వానకు తుప్పు పట్టి, పోయినేడు పాత ఇనుము కిందికి పోయింది. నెలకొకసారి నేను బస్సులో నాదర్‌గుల్ వెళతాను. కుర్చీ వేయిస్తుంది, చాయ్ తెప్పిస్తుంది, ఎండలు ఎక్కువున్నాయంటుంది. నేనెక్కడ తడబడతానోనని వాకిట్లో రాయి ఉందని హెచ్చరిస్తుంది కూడా. కోపం చూపితే కాళ్ళ మీద పడదును, చూపదు. ఎన్ని సంగతులు మాట్లాడినా ఆ పాత పిలుపు మాత్రం ఆమె నోటికి రాదు. "పోయిరాండ్రి మేడం" అంటుంది. వెళ్ళిన ప్రతిసారీ ఇంకొన్నాళ్ళు పోతే మారుతుందని సర్దిచెప్పుకుంటాను. ఆమెకు అరవై దాటాయి, నాకూ దగ్గర పడ్డాయి. ఆ ఇంకొన్నాళ్ళు మా ఇద్దరి దగ్గరా ఇప్పుడు అంతగా మిగిలి లేవు.