రేవు ఇసుకలో దిగబడ్డ వదిన

మొన్న షామీర్‌పేటలో మనవరాలి ఇంట్లో టీవీ చూస్తుంటే, ఏదో పరాయి దేశపు రేవులో భూకంపం వచ్చిందని, ఒడ్డు గోడ సముద్రం వైపు ఒరిగిపోయి, నేల నెర్రెల్లోంచి బురదనీళ్లు చిమ్ముతుండటం చూపించారు. నీళ్లు పట్టిన ఇసుకను భూమి కుదిపితే అది అంబలిలా అయిపోతుందని, ఇంజనీరింగ్ చదివిన ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పబోయింది. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోని సంగతి. నా ఈడు వాళ్లయినా ఓపిగ్గా వింటారని, చర్చి బడిలో నేర్చిన నాలుగక్షరాలతో రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో మా గౌడవెల్లిలో పనుల్లేక, అన్న, వదిన, నా పెనిమిటి, నేను మేడ్చల్‌లో రైలెక్కి, పడమటి సముద్రం ఒడ్డున కడుతున్న ఒక రేవుకు కూలికి పోయాం. మగవాళ్లు రాళ్లు చెక్కేవాళ్లు. ఒడ్డు గోడ వెనక పల్లం నింపడానికి వదినా నేనూ గంపలతో ఇసుక మోసేవాళ్లం. గడ్డపార దిగని రాతినేల మీద పెరిగిన మాకు, కాలి కింది నేల మోసం చేస్తుందన్న ఊహే లేదు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. జ్వరమొస్తే గంజి కాచి పోసి, నా వంతు గంపలు కూడా మోసింది వదినే.

ఒక పొద్దున నేల ఊగింది. మొదట కళ్లు తిరిగాయనుకున్నాను. అంతలో ఇసుక మెత్తబడి, బుడగలతో నీళ్లు పైకి ఉబికి, గోడ మెల్లగా సముద్రంలోకి వాలింది. నాలుగడుగుల దూరంలో వదిన తొడల దాకా దిగబడి, నావైపు చెయ్యి చాచింది.

"పిల్లా, గీ చెయ్యి వట్టుకో," అంది, అరవకుండానే.

నేను ఆ చేతిని చూశాను. చూసి, వెనక్కి తిరిగి రాతిగట్టు దాకా పరుగెత్తాను.

కుదుపు ఆగాక ఆ ఇసుకే గట్టిపడి ఆమె కాళ్లను బిగించేసింది. పడవ నడిపే ఇద్దరు అన్నదమ్ములు చేతులతో తవ్వి బయటికి తీశారు. ఎడమ మోకాలు మళ్లీ సరిగా వంగలేదు. రాళ్ల దగ్గర్నుంచి అన్న పరుగున వచ్చేసరికి ఆమె గట్టు మీదుంది. తనను గుంజి తీసింది నేనేనని, నేను పక్కనే నిలబడి ఉండగా, అన్నతో చెప్పింది.

ఊరికి తిరిగొచ్చాక అమ్మతోనూ అదే మాట చెప్పింది. మరుసటి ఆదివారం అమ్మ నన్ను చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని నిలబెట్టింది. తల దించుకుని మళ్లీ కూర్చున్నాను. అది అణకువ అనుకుని పెద్దలంతా మెచ్చుకున్నారు. వదిన కాలు చాపుకుని కూర్చుని, నావైపు చూడకుండా పాట అందుకుంది.

ఆమె పోయే ముందు ఏడాది, ఆ మోకాలికి నూనె రాస్తూ, ఎందుకలా చెప్పావని అడిగాను.

"నిజం జెప్తే మీ అన్న నిన్ను ఇంట్లకు రానిస్తుండెనా? గా ఒక్క గడియకు నీ బతుకంత ఎందుకు ఖరాబు గావాలె అనుకున్న."

అప్పుడైనా తప్పైపోయిందని అనలేకపోయాను. నూనె రాస్తూనే ఉండిపోయాను.

ఇప్పుడు మా ఇళ్లలో ఎవరి తప్పు వాళ్ల ముఖం మీదే అనేస్తున్నారు, అదే మంచిదని పిల్లలంటారు, కావచ్చు. ఇంకొకరి పిరికితనాన్ని ఇన్నేళ్లు కడుపులో దాచుకునే మనుషులు మాత్రం నాకు కనబడటం లేదు. లేచి నిలబడి నిజం చెబుదామన్న ధైర్యం ఈ వయసులో వచ్చింది గానీ, ఆనాడు నన్ను మెచ్చుకున్నవాళ్లలో వినడానికి ఒక్కరూ మిగల్లేదు.