పసుపు పెట్టిన కోటు

మర్రిగూడ గుర్వమ్మకు మెడ పక్కకు తిరగదు. ఆ నేలలోని ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఒంట్లో ఎముకలు వయసు రాకముందే బిగుసుకుపోయాయి. ఎవరినైనా చూడాలంటే ఆమె మనిషి మనిషంతా తిరిగి, ఎదురుగా నిలబడి చూడవలసిందే. ఆ నీళ్లకు జవాబు చెప్పవలసినవారు ఏనాడూ ఆమె ఎదుట నిలబడలేదు. సంతలో గొర్రెల బేరగాళ్లు మాత్రం చాలామంది నిలబడ్డారు. వాళ్లలో ఆమెకు అబద్ధం చెప్పి నెగ్గుకొచ్చినవాళ్లు తక్కువ.

ఆమె ఒక్కగానొక్క కొడుకు శివకృష్ణ డిగ్రీ పూర్తి చేశాడు. యాదగిరిగుట్ట కింద కొత్తగా వెలసిన ఒక హోటలువారు, వచ్చినవాళ్లను పలకరించి గదులు ఇచ్చే ఉద్యోగానికి అతణ్ని సోమవారం ఆఖరి ఇంటర్వ్యూకు పిలిచారు. సూటు వేసుకుని రమ్మన్నారు. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ కోటు తొడగలేదు. గుర్వమ్మ తన భర్త జానయ్యతో ఒక మాట అనుకుని, మందలో అన్నిటికన్నా బలిసిన పొట్టేలును సంతకు తోలింది. వచ్చిన డబ్బు కొడుకు చేతిలో పెట్టి, "మంచిది తీస్కో బిడ్డా. నాలుగు దినాలకు ఎలిసిపోయేది తేకు," అని పంపింది.

శుక్రవారం సాయంత్రం శివకృష్ణ నల్లగొండ నుంచి బూడిద రంగు సూటు తెచ్చి, దండేనికి తగిలించి, స్నానానికి వెళ్లాడు.

చంటిపిల్ల టోపీ అయినా, జానయ్య పంచె అయినా, ఆ ఇంట్లో కొత్త బట్ట పసుపు అద్దనిదే ఒంటి మీదికి ఎక్కదు. గుర్వమ్మ గిన్నెలో పసుపు తడిపింది. కోటును ఎక్కడ పట్టుకోవాలో తెలియక కాసేపు దాని ముందు నిలబడింది. చివరికి కాలరు లోపలి వైపు, మెడకు తగిలే చోట, బొటనవేలితో నిండుగా ఒక బొట్టు పెట్టింది.

తల తుడుచుకుంటూ వచ్చిన శివకృష్ణ ఆ కాలరును చూసి తువ్వాల కింద పడేశాడు.

"ఏం జేసినవే అమ్మా."

"కొత్త బట్టకు పసుపు వెట్టిన. కొత్తగ అడుగుతున్నవేంది?"

"అది మనది కాదు. కిరాయిది. మంగళారం వాపస్ ఇయ్యాలె."

గుర్వమ్మ పూర్తిగా అతని వైపు తిరిగింది. "పొట్టేలు పైసలేవి మరి?"

"ఉన్నయ్. ఆ పైసలతోని మందలకు ఇంకో జీవాన్ని కొందామనుకున్న. ఒక్క పూట ముచ్చటకు పొట్టేలును పోగొట్టుకునుడెందుకు? నన్ను తీసుకుంటరని ఏం భరోస? ఆడికి ఇంగ్లీషు ఫటఫట మాట్లాడేటోళ్లు వస్తరు."

గుర్వమ్మకు కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు. ఆమె మాత్రం పసుపు గిన్నె పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుంది.

"అంటే పోకముందే వాపస్ వచ్చినవన్నట్టు," అంది.

మర్నాడు తల్లీకొడుకులు సూటును సంచిలో పెట్టుకుని నల్లగొండ బస్సెక్కారు. పెళ్లిబట్టలు అమ్మే, కిరాయికిచ్చే ఆ దుకాణం వెంకటేశ్‌ది. అతను కాలరును మడత విప్పి చూసి, నాలుక చప్పరించాడు.

"పెద్దమ్మా, ఇది పోయే మరక కాదు. జర చెమట తగిలితే పెండ్లికొడుకు తెల్లంగి పచ్చగయితది. ఆళ్ల చుట్టాలు నన్ను తంతరు. కొత్త ధర కట్టి మీరే తీస్కపోండ్రి."

కొత్త ధర ఇంచుమించు పొట్టేలంత. శివకృష్ణ తలవంచుకుని జేబులో చేయి పెట్టాడు. గుర్వమ్మ అతని ముంజేతిని పట్టుకుని ఆపింది.

"కొత్తదైతే కొత్త ధర కడ్త. ఇది కొత్తదేనా సేటు?"

"కొత్త లెక్కనే ఉంది గద."

"లెక్క వద్దు. కొత్తదా, కాదా?"

వెంకటేశ్ నవ్వాడు. "దుకాణంల రెండేండ్ల సంది ఉంది."

"రెండేండ్లల్ల ఎందరు తొడిగిండ్రు?"

"ఏమో. ముహూర్తాలు పెట్టిన అయ్యగార్లను అడుగాలె."

"అందరి దగ్గర కిరాయి తీస్కున్నవా, ఊకెనే ఇచ్చినవా?"

"ఊకెనే ఇయ్యనీకె నాకేమన్న మేనల్లుండ్లా?"

"అయితే దీని ఖరీదు నీకు ఎప్పుడో ముట్టింది. ముసలి గొర్రెను తోలుకొచ్చి, దాని పిల్లలన్నిటిని నేనే అమ్ముకున్నంక, పడుచుదాని ధర ఇయ్యుమంటే ఇస్తవా? పసుపు పెట్టింది నేను. అది నా తప్పే, దానికెంతయితదో అడుగు. మోచేతులకాడ బట్ట అరిగి మెరుస్తాంది. అది నా పసుపుకు మెరువలే."

చీరలు చూస్తున్న ఆడవాళ్లు చూడడం మానేసి ఇటు తిరిగారు. తన తప్పును తానే ముందు ఒప్పుకోవడం, ఒప్పుకున్న మేరకే మోయడం గుర్వమ్మ పద్ధతి. అంతకు మించి ఒక్క గింజ బరువైనా ఆమె మీద మోపడం ఎవరి తరమూ కాదు. వెంకటేశ్‌కు అది అర్థమైంది.

"సరే పెద్దమ్మా, నీతోని నేను గెలువలేను. కాలరు కింద గుడ్డ మార్పిచ్చుకుంట. దాని ఖర్చిచ్చి, సూటు ఈడ ఇడ్సిపెట్టి పోండ్రి."

శివకృష్ణ ఊపిరి పీల్చుకుని, సంచి మడతపెట్టసాగాడు.

"ఇడ్సిపెట్టనీకె రాలే," అంది గుర్వమ్మ. "పసుపు పెట్టిన బట్టను ఒంటి మీదికెక్కక ముందే వాపస్ ఇయ్యరు. ఇది నా కొడుకుది. పాతదాని ధర చెప్పు."

"మరి గింత సేపు కొట్లాడిందంత ఎందుకు?"

"సరైన ధరకు కొననీకె."

వెంకటేశ్ ఈసారి చెప్పిన ధర కొత్తదానిలో సగానికి తక్కువే. గుర్వమ్మ మళ్లీ బేరమాడలేదు. న్యాయంగా ఉన్న ధరను ఇంకా కిందికి గుంజడం ఆమెకు చేతకాని పని. మిగిలిన డబ్బులో ఒక తెల్లంగి, నల్ల బూట్లు వచ్చాయి. కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతుంటే, దుకాణం మెట్ల పక్కన మిషను పెట్టుకున్న దర్జీతో అప్పటికప్పుడు కుట్టు లోపలికి తీయించింది. లోపలి జేబు మీద కిరాయి నంబరు కుట్టిన గుడ్డముక్క కనిపించింది. దర్జీ కత్తెర అందుకునేలోగా ఆమె దాన్ని పళ్లతోనే తెంపింది.

"అమ్మా, నౌకరి రాకుంటే?" అన్నాడు శివకృష్ణ, బస్టాండు దారిలో.

"రాకుంటే గిదే కోటు తొడుక్కొని ఇంకోటి అడుగపో."

సోమవారం గుర్వమ్మ కూడా గుట్టకు వెళ్లింది. హోటలు ఎదురుగా కొబ్బరికాయల కొట్టు నీడలో కూర్చుని, కొడుకు గాజు తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లడం చూసింది. అతను తల వంచలేదు. కోటు సరిగ్గా భుజాల మీదే నిలిచింది. యాత్రికుల గుంపులు ఎన్నో కొండెక్కిపోయాక గాని అతను బయటికి రాలేదు.

"ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు," అన్నాడు. ఆ వెంటనే తప్పు చేసినవాడిలా, "కని అమ్మా, డ్యూటీకి కోటు ఆళ్లే ఇస్తరంట. ఎర్రది. మనది అక్కరలేదంట," అన్నాడు.

గుర్వమ్మ మనిషంతా తిరిగి, తలుపు దగ్గర ఎర్ర కోటుతో నిలబడిన వ్యక్తిని తీరిగ్గా చూసింది.

"పని ఇడ్సినప్పుడు ఆ కోటు ఆడ్నే ఇచ్చి రావాలె గద?"

"అవు."

"అప్పుడు గిది తొడుక్కొని రా."

తిరుగు బస్సులో ఉక్కపోతకు శివకృష్ణ కోటు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త తెల్లంగి మెడపట్టీ పచ్చగా మెరుస్తోంది. గుర్వమ్మ దాన్ని వేలితో రుద్ది చూసింది. మరక పోలేదు.

"ఆ సేటు గదొక్కటి మాత్రం నిజమే చెప్పిండు," అంది.