కురోగోచి మాస్టారి సాక్షులు

కురోగోచి మాస్టారు ఏటి పురుగులు చెబితే తప్ప దేన్నీ నమ్మరు. వాతావరణ వార్తలు నమ్మరు, ఊరి పెద్దల ప్రకటనలు నమ్మరు. ఇనా లోయ బడిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు సైన్సు చెప్పి రిటైరయిన ఈ పెద్దమనిషిని టీకి పిలిస్తే, ముందు మీ పెరటి కాలువ ఎటుందని అడుగుతారు. రబ్బరు బూట్లతో దిగి, ఒక రాయి ఎత్తి, దాని అడుగుభాగాన్ని తెల్ల పళ్ళెంలో బ్రష్‌తో మెల్లగా కడిగి, భూతద్దం పెడతారు. శుభ్రమైన నీళ్ళలో తప్ప బతకని కవాగెరా పురుగు కనబడితే మొహం విప్పారుతుంది. బురదలో బతికే ఎర్ర పురుగు కనబడిందా, ఆ ఇంట్లో టీ ముట్టరు.

ఎత్తిన రాయిని మాత్రం ఉన్నచోటే, ఉన్నట్టే పెడతారు. "ఒకరి ఇంటికప్పు ఎత్తి చూశాం. మళ్ళీ మూయొద్దూ?" అంటారు.

పెళ్ళిచూపులప్పుడూ ఇదే వరస. ఆయన భార్య చిసే ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. "నేను కిమోనో కట్టుకుని గంట కూర్చున్నా. ఈయన మా ఇంటి వెనక ఏట్లో ఉన్నారు. తడిసిన పంట్లాంతో వచ్చి, 'మూడు కవాగెరాలున్నాయండీ, నాకు సమ్మతమే' అన్నారు మా నాన్నతో. నా మొహమైనా చూడలేదు."

"చూశాను," అంటారు మాస్టారు. "లెక్కలో రాయలేదంతే."

ఆ లోయలో చలికాలం వస్తే ఏటి పురుగుల్ని సోయా సాసు, పంచదార వేసి ఉడికించుకు తినడం తాతలనాటి అలవాటు. వాడ పెద్ద మిసావాకి అవి నంజుకోనిదే సాకే సారా దిగదు. మాస్టారు మాత్రం ఆ గిన్నె వంక చూడరు. "సాక్షుల్ని ఉడకబెట్టుకు తినే ఊళ్ళో ఇక న్యాయమేం ఉంటుంది మిసావా?" అంటారు. మిసావా ఇంకో సాక్షిని నోట్లో వేసుకుని నవ్వుతాడు.

ఏటి ఒడ్డున సోయా పాలు విరగ్గొట్టి టోఫూ చేసి అమ్మే కొట్టు హరుయోది. అత్తగారి చేతి నుంచి వచ్చిన కొట్టు, మొగుడు పోయాక ఆమెకున్న ఆధారమదే. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే మాస్టారు కొట్టు వెనక ఏట్లో దిగేవారు. ఆమె వేడి వేడి టోఫూ ముక్క ఒకటి గిన్నెలో పెట్టి అందించేది. నీళ్ళలో నిలబడి అది తిన్నాకే ఆయన రాయి ఎత్తేవారు.

కిందటి ఏడాది వసంతంలో వాడ సభ పెట్టారు. ఏరు తెల్లగా వస్తోందని, కంపు కొడుతోందని దిగువ ఇళ్ళవాళ్ళు గొడవ చేశారు. మాస్టారు లేచి లెక్క చదివారు. "టోఫూ కొట్టు తూము కింద ఎర్ర పురుగులు తొంభై రెండు. కవాగెరాలు, సున్నా."

సభ గుసగుసలాడింది. మిసావా గొంతు సవరించుకుని, ఏడాది గడువు ఇద్దామన్నాడు. వచ్చే వసంతంలో అందరం కలిసి లెక్కపెడదాం, అప్పటికీ ఇలాగే ఉంటే కొట్టు మూసెయ్యాలి.

హరుయోకి ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు నా టోఫూ తిని నా కొట్టుకే ఎసరు పెడతాడా ఈ మనిషి, అనుకుంది. మర్నాడు పొద్దున మాస్టారు తోపుడు బండి మీద నాలుగు క్యాన్లు పెట్టుకుని హాజరయ్యారు.

"హరుయో గారూ, టోఫూ పిండగా మిగిలే తేట నీళ్ళు ఇవ్వండి."

"ఎందుకండీ?"

"పురుగులకి కావాలి."

సాక్ష్యానికి చెంచాడు చాలదా, నాలుగు క్యాన్లా, అని ఆమె లోపల లోపల తిట్టుకుంది. కాదనడానికి మర్యాద అడ్డొచ్చి నీళ్ళు పోసింది. టోఫూ మాత్రం పెట్టలేదు. ఆయన గిన్నె కోసం ఒకసారి అటూ ఇటూ చూసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయారు.

మర్నాడూ వచ్చారు. వానల్లో బండికి గొడుగు కట్టుకుని వచ్చారు. మంచు పడితే బండి వదిలేసి స్లెడ్జి లాక్కుంటూ వచ్చారు. ఏడాది పొడుగునా ఆమె మొహం ముడుచుకునే నీళ్ళు పోసింది.

లెక్క రోజు వచ్చింది. వాడంతా బూట్లేసుకుని ఏట్లో దిగింది. హరుయో తూము పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడింది. మాస్టారు రాళ్ళు ఎత్తుతుంటే మిసావా తనే భూతద్దం పట్టుకుని లెక్కపెట్టాడు.

"కవాగెరా ఒకటి," అన్నాడు. అనుమానంగా మళ్ళీ చూశాడు. "రెండు. ఇదుగో, మూడు."

మొత్తం పదకొండు తేలాయి. ఎర్ర పురుగులు నాలుగే.

"మరి ఆ తొంభై రెండూ ఎక్కడికి పోయాయి?" అన్నాడు మిసావా.

"వాటికి తిండి లేకుండా చేశారుగా ఈయన," అంది ఒడ్డునున్న చిసే. "ఆ టోఫూ నీళ్ళన్నీ ఏట్లో పడకుండా మా ఉల్లి మడిలోనే పోశారు. ఉల్లికాడలు నా నడుమంత ఎదిగాయి. ఈయన నడుమే వంగిపోయింది. రోజూ పట్టీ వెయ్యలేక చస్తున్నా."

హరుయో తూము దగ్గర్నుంచి మాస్టారి ముందుకొచ్చింది. కోపంగానే అడిగింది. "ఆ రోజు సభలో లెక్క కాస్త తగ్గించి చదివితే పోయేదిగా మాస్టారూ? ఏడాది పాటు ఈ మోయడమంతా ఎందుకు?"

"తొంభై రెండుని తొంభై రెండనే చదవాలమ్మా. పుస్తకాన్ని మార్చలేను. ఏరునైతే మార్చొచ్చు."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెబితే మోయనిచ్చేవారా? అయినా మీకోసమని ఎవరన్నారు? పురుగుల కోసం."

ఆ సాయంత్రం వాడలో ఇల్లిల్లూ తిరిగే నోటీసు అట్ట మీద, చెత్త ఎత్తే వంతు, మంచు తోసే వంతుల కింద కొత్త వంతు ఒకటి చేరింది: టోఫూ నీళ్ళ బండి. మొదటి పేరు మిసావాదే.

మర్నాడు మిసావా మూలుగుతూ బండి తోస్తుంటే, హరుయో గిన్నె పట్టుకుని ఏటి దగ్గరికి వెళ్ళింది. మాస్టారు గబుక్కున అందుకున్నారు.

"ముందు రాయి ఎత్తి చూసుకోరా?" అంది వేళాకోళంగా.

"మీ టోఫూకి ఎప్పుడు చూశాను?"

హరుయో గుర్తు చేసుకుంది. నిజమే. ఈ పన్నెండేళ్ళలో ఏ ఒక్కరోజూ చూడలేదు. లోపలికెళ్ళి ఇంకో ముక్క తెచ్చింది.

"ఇదెవరికి?"

"మీ సాక్షులకి."

మాస్టారు కంగారుపడిపోయారు. "ఏట్లో వెయ్యకండమ్మా, మళ్ళీ ఎర్ర పురుగులు వస్తాయి."

"అయితే వాళ్ళ తరఫున మీరే తినండి."

మాస్టారు కాళ్ళ కింది నీళ్ళలోకి ఒకసారి చూసి, వాళ్ళ తరఫున కూడా తిన్నారు.